కలిపేసే బటన్ మీద నా ఫిర్యాదు

ఎవరెవరి కుటుంబం వాళ్లు రాసుకుంటూ అందరూ కలిసి ఒకే వంశవృక్షం కట్టే సైటు ఒకటి చాలాకాలంగా వాడుతున్నాను. పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక మనిషికి ఒకే పేజీ ఉండాలన్నది అక్కడి సూత్రం. ఇద్దరు బంధువులు తెలియక ఒకే ముత్తాతకు రెండు పేజీలు తెరిస్తే, ఆ రెండింటినీ కలపడానికి ఒక బటన్ ఉంటుంది. నా కోపమంతా దాని మీదే.

తాత పేరు మనవడికి పెట్టడం మనకు ఆనవాయితీ. మా అమ్మ తరఫు పెద్దాయన ఒకరికి ముగ్గురు కొడుకులు. ముగ్గురూ తమ మొదటి మగపిల్లవాడికి తండ్రి పేరే పెట్టుకున్నారు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే ఈడు. ఊళ్లో వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు: ఒకరు చెరువుగట్టు ఆయన, ఒకరు మేడింటాయన, మా తాతగారు పొగాకు ఆయన. సైటుకు మాత్రం ముగ్గురూ 'సుమారు 1910'. ఆ రోజుల్లో పుట్టినతేదీలు ఎవరు రాసిపెట్టారు కనుక!

విదేశంలో ఉన్న దూరపు బంధువు ఒకాయన, 'వీరిద్దరూ ఒకరే కావచ్చు' అన్న సైటు సూచనను నమ్మి చెరువుగట్టు ఆయననూ మా తాతగారినీ కలిపేశారు. మర్నాడు చూస్తే ఒకే మనిషికి ఇద్దరు తండ్రులు, ఇద్దరు భార్యలు, ఇంటినిండా పిల్లలు. అమ్మకు చూపించాను. "మీ తాత అంతపని చేసి ఉంటే అమ్మమ్మ ఊరుకునేదా?" అంది.

కలపడం క్షణంలో పని. విడదీయడానికి మాత్రం బటన్ లేదు. మార్పుల చరిత్ర తెరిచి, ఏ బిడ్డను ఎవరు ఎప్పుడు చేర్చారో చూసుకుంటూ ఒక్కొక్కరినే విప్పి, అసలు తల్లిదండ్రులకు తిరిగి తగిలించాలి. ఫొటోలు ఇంకా ఘోరం. వెనక పెన్సిలు రాత లేనివి ఎవరివో తేల్చడానికి ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఫోన్లు చేయాల్సి వచ్చింది. సైటు తరఫున ఒక స్వచ్ఛంద కార్యకర్త ఎంతో ఓపికగా సాయం చేశారు. కాకపోతే ముగ్గురు అన్నదమ్ముల కొడుకులకు ఒకే పేరు ఎందుకుంటుందో ఆమెకు నచ్చజెప్పడానికే సగం ఉత్తరాలు ఖర్చయ్యాయి.

పోనీ, కలవాల్సినవి కలిశాయా అంటే అదీ లేదు. మనిషి పుట్టిన నాటికి ఊరు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా పేరే రాయాలని ఇక్కడి నియమం. మొదట్లో దాన్ని నలుగురి దగ్గరా మెచ్చుకున్నాను. మా ఊరు సత్తెనపల్లి పక్కన. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే వరకు కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు, 2022 నుంచి పల్నాడు. బంధువుల్లో ఎవరికి తోచిన జిల్లా వాళ్లు రాయడంతో, ఒకే ముత్తవ్వ మూడు జిల్లాల్లో ముగ్గురుగా మిగిలింది. ఈ ముగ్గురూ ఒకరే కావచ్చని సైటుకు ఒక్కసారీ తోచలేదు. నియమం మంచిదే, పాత జిల్లాల సంగతి తెలిసినవాళ్లు రాస్తే.

అయినా ఎందుకు వదలలేదంటే, ఆడవాళ్లను ఇక్కడ పుట్టింటి పేరుతోనే నమోదు చేయాలి. మన తద్దినాల్లో మూడు తరాల తల్లుల పేర్లు వస్తాయి గానీ మెట్టినింటి గోత్రంతోనే వస్తాయి. వాళ్ల పుట్టిల్లు ఏదో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ గడి ఖాళీగా కనిపిస్తుంటే తోచక వాకబు చేశాను. అమ్మమ్మగారి నాయనమ్మది తెనాలి దగ్గర ఊరని తేలింది. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు మా పేజీల్లో రాస్తున్నారు, నాకు తెలియని కబుర్లెన్నో.

మా అన్నయ్య ఇదంతా చూసి నోటుపుస్తకమే నయమంటాడు. అందులో ఎవరూ ఎవరినీ కలపలేరు, ఒప్పుకుంటాను. తెనాలి వాళ్లు అందులో రాయలేరు మరి.

నేను ఉద్యోగం నుంచి విరమించి గుంటూరు బ్రాడీపేటలో కాలక్షేపం చేస్తున్నవాణ్ని కాబట్టి నాకు సాగింది. తీరిక లేనివాళ్లకు చేరమని గట్టిగా చెప్పలేను. చేరితే మాత్రం ప్రతి పేజీలోనూ ఊరివాళ్లు పిలిచే పేరు ముందు రాయండి. తర్వాతే సైటు సూచనల జోలికి వెళ్లండి.