ఆంట్‌వెర్ప్ నుంచి రూపెల్‌మొండె దాకా: పటాలు పుట్టిన ఊళ్లలో మూడు రోజులు

బెల్జియంలో మాకున్నది మూడు రోజులే కనుక బ్రస్సెల్స్‌ను వదిలి నేరుగా ఆంట్‌వెర్ప్ చేరాము. 1570లో పటకర్త ఓర్టేలియస్ 53 భూపటాల పుటలను ఒకే కొలతకు చెక్కించి, తొలి ఆధునిక అట్లాసుగా పేరొందిన గ్రంథాన్ని వెలువరించింది ఈ నగరంలోనే.

ప్లాంటిన్-మొరెటస్ మ్యూజియానికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి, సోమవారం సెలవు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ పాత అచ్చుకూటంలో 1600 ప్రాంతపు ముద్రణ యంత్రాలు రెండు ఉన్నాయి. అయితే నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పటాలు అచ్చువేసే రాగి రేకుల ముందు. ఊళ్ల పేర్లూ తీరరేఖలూ అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. గాడుల్లో సిరా నింపి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితం పరచి గట్టిగా నొక్కితే గాని ఒక్క ప్రతి రాదు. రంగులు ఆ తరువాత చేత్తో అద్దేవారు, ఓర్టేలియస్ వృత్తి మొదలైంది ఆ పనితోనే. ఆనాటి యూరప్ పటాల్లో విజయనగర రాజ్యం ‘నర్సింగ’ అనే పేరుతో కనిపిస్తుంది. మన దేశపు పటం ఎదురైనచోట ఆ పేరు వెతకండి.

పాత పట్టణంలో మేము దిగిన చిన్న హోటలు మ్యూజియానికి నడక దూరమే. కానీ బుకింగులో ఉందన్న లిఫ్టు అక్కడ లేక, అమ్మ మూడో అంతస్తు ఎక్కడానికి చాలా ఇబ్బంది పడింది. మరునాడే సెంట్రల్ స్టేషన్ దగ్గరకు మారాము. వజ్రాల వ్యాపారంలో ఉన్న గుజరాతీ జైనులు అక్కడ స్థిరపడినందువల్ల శాకాహార భోజనానికి లోటు లేదు. పెద్దవారితో వెళ్లేవారికి ఈ బసే మేలు.

అక్కడి నుంచి సింట్-నిక్లాస్‌కు రైలులో సుమారు అరగంట. చిన్న ఊరని దీన్ని వదులుకోవద్దు. నా దృష్టిలో ఈ యాత్రకు ప్రాణం ఇదే. ఓర్టేలియస్ కాలపు మరో పటకర్త మెర్కాటర్ చేసిన 1541 నాటి భూగోళం, 1551 నాటి నక్షత్రాల గోళం ఇక్కడి మ్యూజియంలో జంటగా ఉన్నాయి. నారింజ తొనల్లా అచ్చువేసిన కాగితాలను గోళంపై అతికించిన తీరు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దిక్సూచి చూపే ఒకే దిశను విడవకుండా సాగే ఓడ దారి భూగోళంపై వంపు తిరుగుతూ ధ్రువం వైపు పోతుంది. ఆ గీతను 1569 నాటి తన 18 పుటల ప్రపంచ పటంలో తిన్నగా నిలపడానికి, ఆయన అక్షాంశ రేఖల మధ్య ఎడాన్ని ధ్రువాల వైపు పెంచుతూ పోయాడు. గ్రీన్‌లాండ్ ఆ పటంలో అంత పెద్దదిగా కనిపించేది అందుకే.

చివరి సాయంత్రం బస్సులో రూపెల్‌మొండె వెళ్లాము. 1512లో మెర్కాటర్ పుట్టిన ఈ నదీతీర గ్రామంలో చూడవలసినవి తక్కువ, గంట చాలు. కూడలిలో ఆయన విగ్రహం ఉంది. మతద్రోహి అన్న అనుమానంతో 1544లో ఆయనను పట్టుకుని, పుట్టిన ఊరి కోటలోనే సుమారు ఏడు నెలలు బంధించారు. ఆ కోట శిథిలాల మీద లేచిన బురుజు పక్కన, షెల్ట్ నదిని చూస్తూ తిరుగు బస్సు వేళ దాకా కూర్చున్నాము.