ముడికి ఏ లెక్క మేలు: రంగులా, అలెగ్జాండరా, జోన్సా?

మా మేనకోడలు శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ గణితం చదువుతోంది. ప్రాజెక్టుకి ముడుల సిద్ధాంతం తీసుకుంది. తీసుకున్న వారానికే ఫోను: "మావయ్యా, ఇన్వేరియంట్లు బోలెడున్నాయి, ఒక్కటి పట్టుకుని చెయ్యమంటున్నారు. రంగులెయ్యడమా, అలెగ్జాండర్ బహుపదా, జోన్స్ బహుపదా? జోన్స్‌కి గణితంలో పెద్ద బహుమతి ఫీల్డ్స్ మెడల్ వచ్చింది కదా, అదే పట్టుకుంటే పోలేదా?"

మెడల్ చూసి లెక్క ఎంచుకోవడం, పెళ్లికొడుకు కారు చూసి సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిదే. ఆ మాట పైకి అనలేదు. ఆదివారం కళింగపట్నం వస్తే చెబుతానన్నాను.

వంశధార సముద్రంలో కలిసే చోట, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర మూరెడు తాడు అడిగి తీసుకుని, నాకు చేతనైనంత గట్టి ముడి వేసి చూపించాను. ఇది విప్పగలవా తాతా అంటే నవ్వాడు. "కొస సేతిలో ఉంటే ఇప్పలేని ముడేటుంది బాబూ?" గణితంలో ముడికి నిర్వచనం అక్కడే ఉంది. కొసలు విడిగా ఉన్నంతసేపు ఏ ముడైనా విడుతుంది. అందుకే గణితంలో రెండు కొసలూ అతికించేస్తారు. ఇక తాడు తెంపకుండా ఎలా లాగినా, తిప్పినా అది అదే ముడి.

చిక్కంతా రెండు బొమ్మలు ఎదురుగా పెట్టి ఇవి ఒకే ముడా కాదా అని అడిగినప్పుడు వస్తుంది. ఒక ముడి బొమ్మ నుంచి అదే ముడి వేరే బొమ్మకి మూడే రకాల కదలికలతో చేరుకోవచ్చని 1927లో రైడెమైస్టర్ అనే గణితజ్ఞుడు చూపించాడు. ఆ మూడు కదలికలకీ మారని సంఖ్యో బహుపదో దొరికితే అది ఇన్వేరియంట్. దాని సాక్ష్యం ఒకవైపే చెల్లుతుంది. ఇంటిపేర్లు వేరైతే అన్నదమ్ములు కారని చెప్పెయ్యవచ్చు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములని చెప్పలేం. పంతొమ్మిదో శతాబ్దంలో టెయిట్, లిటిల్ అనే ఇద్దరు చేత్తో గీసిన పట్టికల్లో 10 క్రాసింగుల (అంటే బొమ్మలో తాడు తన మీదుగానే దాటే చోట్లు పది ఉన్న) ముడులు రెండు, వేరువేరని నమోదై, దాదాపు 75 ఏళ్లు అలాగే ఉండిపోయాయి. 1974లో కెన్నెత్ పెర్కో అనే న్యూయార్క్ లాయరు బొమ్మని కదిపి కదిపి అవి రెండూ ఒకటేనని తేల్చాడు. అందుకే ఇవాళ 10 క్రాసింగుల ప్రధాన ముడులు, అంటే రెండు చిన్న ముడులుగా విడదీయలేనివి, 166 కాదు, 165.

లెక్క మొదలెట్టే ముందు ముడిని కాగితం మీద ఎలా రాసుకోవాలన్నది మరో పోటీ. తాడు వెంట నడుస్తూ క్రాసింగులకి వరుసగా నంబర్లిస్తే ఒక్కో క్రాసింగుకి ఒక బేసి, ఒక సరి సంఖ్య పడతాయి. 1, 3, 5 లకి జతపడ్డ సరి సంఖ్యలు రాస్తే చాలు. మారేడుదళంలా మూడు రెబ్బలుండే ట్రెఫాయిల్ ముడికి అది 4 6 2. ఇది డౌకర్ రాత. కంప్యూటరుకి ఇంతకన్నా పొట్టి చీటీ దొరకదు. కాకపోతే ఆ చీటీలో కుడిచేతి ముడికీ, అద్దంలో దాని ప్రతిబింబానికీ తేడా చెరిగిపోతుంది.

రెండో దారి జడ. ఏ ముడినైనా ఒక జడగా అల్లి, కింది కొసల్ని పై కొసలకి కలిపి తయారు చెయ్యవచ్చని గణితజ్ఞుడు అలెగ్జాండర్ 1923లో నిరూపించాడు. చేత్తో లెక్క చేసేవాళ్లకి నా ఓటు జడకే. మన ఇళ్లలో రోజూ అల్లే మూడుపాయల జడే తీసుకోండి: ఎడమ పాయ మధ్య పాయ మీదుగా, కుడి పాయ మధ్య పాయ మీదుగా, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. నాలుగు క్రాసింగులయ్యాక ఆపి కొసలు కలిపితే వచ్చేదే ఎనిమిది అంకె ముడి. 4 క్రాసింగులతో ప్రపంచంలో ఉన్న ముడి అదొక్కటే.

దానికి రంగులేద్దాం. 1950ల్లో రాల్ఫ్ ఫాక్స్ విద్యార్థులకి నేర్పిన పద్ధతి ఇది. ప్రతి పాయకీ ఒక సంఖ్య ఇస్తాం. కింద నుంచి దూరిన పాయ బయటికొచ్చేటప్పుడు సంఖ్య మార్చుకుంటుంది: పై పాయ సంఖ్యకి రెట్టింపు లోంచి తన పాత సంఖ్య తీసేస్తే కొత్తది. పై పాయ మారదు. 5 దాకా వచ్చాక మళ్లీ 0 అయ్యే గడియారం మీద లెక్క. ఎడమ నుంచి 0, 2, 1 తో మొదలెడదాం. ఎడమ 0 మధ్య 2 మీదుగా పోతే ఆ 2 కాస్తా మైనస్ 2, అంటే 3 అవుతుంది. ఇప్పుడు వరుస 3, 0, 1. కుడి 1 మధ్య 0 మీదుగా: 0 కాస్తా 2. వరుస 3, 1, 2. ఎడమ 3 మధ్య 1 మీదుగా: 6 లోంచి 1 పోతే 5, అంటే 0. వరుస 0, 3, 2. కుడి 2 మధ్య 3 మీదుగా: 4 లోంచి 3 పోతే 1. వరుస 0, 2, 1. మొదలెట్టిన చోటికే వచ్చాం, కొసలు కలిపితే రంగులు సరిగ్గా అతుకుతాయి! ముడే లేని వట్టి చుట్టకి ఒకే రంగు తప్ప ఇంకో దారి లేదు. కనుక ఇది నిజంగా ముడే.

అదే లెక్క 3 గడియారం మీద చేస్తే అన్నీ ఒకే రంగైతే తప్ప అతకవు. మారేడుదళం ముడికి 3 మీద అతుకుతాయి. అంటే రెండూ వేరు ముడులు. తాడు ముక్క, బలపం ఉంటే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా అరగంటలో నిరూపించే విషయం ఇది.

మరి రంగులకి లోటేమిటి? 5 క్రాసింగులతో నక్షత్రంలా ఉండే ముడికి కూడా 5 మీదే రంగులు అతుకుతాయి. దాన్ని, ఎనిమిది అంకె ముడినీ పక్కపక్కన పెడితే ఈ లెక్క చేతులెత్తేస్తుంది.

ఇక్కడ అలెగ్జాండర్ వస్తాడు. నిజానికి ఆయన కొత్త వాడేం కాదు, ఈ రంగుల నియమానికే పెద్దన్న. 'రెట్టింపు పైది, మైనస్ కిందది' బదులు త అనే రాశి పెట్టి, పై పాయని (1 − త) తో, కింది పాయని త తో గుణించి కలపండి. త = −1 పెడితే పాత నియమమే వస్తుంది. ఆ సమీకరణాల డిటర్మినెంటే 1928లో ఆయన అచ్చేసిన బహుపది. ఎనిమిది అంకె ముడికి త² − 3త + 1. నక్షత్రపు ముడికి త⁴ − త³ + త² − త + 1. రెంటిలోనూ త = −1 పెడితే 5 వస్తుంది, రంగులు మోసపోయింది ఆ ఒక్క బిందువు దగ్గరే. పైగా ఇది చవక. 10 క్రాసింగులకి 9×9 డిటర్మినెంటు చాలు. క్రాసింగులు వందైనా కంప్యూటరుకి రెప్పపాటు పని.

అలెగ్జాండర్‌కి అద్దం కనపడదు. రెండు తాళ్లు కలిపి కట్టేటప్పుడు ఒకసారి కుడి మీద ఎడమ, రెండోసారి ఎడమ మీద కుడి వేస్తే ముడి నిలుస్తుంది. రెండుసార్లూ ఒకేలా వేస్తే జారిపోతుంది. గోనెమూటలు కట్టిన ఎవరికైనా తెలిసిన సంగతి. కొసలు అతికిస్తే మొదటిది ఒక మారేడుదళం, దాని అద్దపు బొమ్మ పక్కపక్కనే ఉన్నట్టు. రెండోది ఒకే వాటపు మారేడుదళాలు రెండు. అలెగ్జాండర్ రెంటికీ (త² − త + 1)² అనే అంటాడు. బస్సు మీద మూట కట్టేవాడికి తెలిసిన తేడా బహుపదికి తెలియకపోతే ఎలా?

1984లో వాన్ జోన్స్ ఆపరేటర్ ఆల్జీబ్రాలనే వేరే శాఖలో పని చేసుకుంటూ అనుకోకుండా ఈ పేటలోకొచ్చాడు. కుడి మారేడుదళానికి ఆయన బహుపది త + త³ − త⁴. ఎడమదానికి త⁻¹ + త⁻³ − త⁻⁴. పై మూట ముడులు రెండూ చిటికెలో విడిపోతాయి. దీని సాయంతోనే, మీదా కిందా వంతులవారీగా పోయే బొమ్మల క్రాసింగుల గురించి టెయిట్ వేసిన వందేళ్ల నాటి ఊహల్ని 1987లో కాఫ్‌మన్, మురసూగి, థిసిల్‌త్వైట్ నిరూపించారు. మెడల్ 1990లో. దానికి అర్హుడే, ఆ మాటకి తిరుగు లేదు.

కానీ చేత్తో చెయ్యమనండి. కాఫ్‌మన్ పద్ధతిలో ఒక్కో క్రాసింగునీ రెండు రకాలుగా కోసి అతికించి, ప్రతి బొమ్మలో వచ్చిన చుట్టలు లెక్కపెట్టాలి. ఎనిమిది అంకె ముడికి 16 బొమ్మలు. 10 క్రాసింగులకి 1024. సాధారణంగా ఈ లెక్కకి సులువు దారి దొరకడం చాలా కష్టమని 1990లో జేగర్, వెర్టిగన్, వెల్ష్ చూపించారు. నేనొకసారి కరెంటు పోయిన సాయంత్రం ఆ 16 బొమ్మలూ గీశాను. చివర వచ్చిన బహుపదిలో త బదులు త⁻¹ పెడితే మారిపోయింది. ఎనిమిది అంకె ముడి దాని అద్దపు బొమ్మతో సమానం, కనుక మారకూడదు. ఒక బొమ్మలో చుట్ట ఒకటి తక్కువ లెక్కపెట్టానని దీపం వెలుగులో దొరికింది. సరైన జవాబు త² − త + 1 − త⁻¹ + త⁻². అచ్చం నక్షత్రపు ముడి అలెగ్జాండర్ బహుపదిలా ఉంది కదా, కలగలిపేసుకోకండి.

జోన్స్ కూడా సర్వజ్ఞుడు కాడు. ఆ నక్షత్రపు ముడికీ, పట్టికలో 10 క్రాసింగుల్లో 132వదానికీ జోన్స్, అలెగ్జాండర్ రెండూ ఒకటే. 11 క్రాసింగుల కాన్వే ముడిని అలెగ్జాండర్ ముడే లేదన్నట్టు 1 అంటాడు. జోన్స్ ఆ మాట అనడు గానీ, దాన్నీ దాని జోడీ అయిన కినోషిటా–టెరసాకా ముడినీ విడదీయలేడు. వట్టి చుట్టని ఖాయంగా గుర్తుపట్టే ఖొవానోవ్ హోమాలజీ అనే ఇంకా బరువైన ఇన్వేరియంట్ ఉంది, కానీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో దాని జోలికి పోవద్దన్నాను.

ఇక ఈ పోలికలో నాకు బాగా ఇష్టమైన జంట. ఓడల్లో సరుకెత్తే కళాసీలు వాడిన ముడి ఒకటుంది, కొసలు కలిపితే 6 క్రాసింగులు. 9 క్రాసింగుల పట్టికలో 46వది దాని పక్కన పెట్టండి. రెంటికీ అలెగ్జాండర్ 2త² − 5త + 2. త = −1 పెడితే రెంటికీ 9. ఈ సంఖ్యనే ముడి డిటర్మినెంటు అంటారు. అలెగ్జాండర్ ఇక్కడితో ఆగిపోతాడు. ఇప్పుడు చిన్న తమ్ముడిని పిలవండి: 3 రంగులు వేసే దారులు లెక్కపెడితే కళాసీ ముడికి 9, రెండోదానికి 27. డిటర్మినెంటు 9 అని మాత్రమే చెబుతుంది, ఆ 9 ఒకే ముద్దా, మూడు మూళ్లా అన్నది పరిష్కారాలు లెక్కపెట్టేవాడికే తెలుస్తుంది. జోన్స్ కూడా వీటిని విడదీస్తాడు, 512 బొమ్మలు గీసే ఓపిక ఉంటే.

అందుకే అమ్మాయికి చెప్పింది ఇది: జడతో రాయి, రంగులతో మొదలెట్టు, అవి ఆగిన చోట అలెగ్జాండర్‌ని తీసుకో, కుడి ఎడమల తగువొస్తేనే జోన్స్ దగ్గరికెళ్లు. ఒక్కటే చెయ్యాలంటే రంగులే. గైడుగారు చిన్న విషయమంటే ఆ 27 చూపించు.

పది రోజులకి ఫోను. జడని 8 క్రాసింగుల దాకా పొడిగించి చేసిందట, డిటర్మినెంటు 45. పదికి 121. "మావయ్యా, 1, 3, 4 అంటూ ప్రతిదీ ముందు రెంటి మొత్తంగా పోయే లూకాస్ సంఖ్యల్లో 7, 47, 123 ఉన్నాయి కదా, ఒక్కోదాంట్లోంచి 2 తీస్తే ఈ 5, 45, 121 వస్తున్నాయి. మరి 18 లోంచి తీస్తే 16, అది ఆరు క్రాసింగులకి వచ్చింది. కానీ అక్కడ ముడి రాలేదు."

రాదమ్మా, ఆరు దగ్గర మూడు పాయలూ ఎక్కడివక్కడికే చేరి మూడు చుట్టలైపోతాయి. ఒకటి తెంపి చూడు, మిగతా రెండూ వాటంతటవే విడిపోతాయి.