పల్లెవెలుగు బస్సు: వేగానికి తక్కువ మార్కులు, పలకరింపుకు ఎక్కువ

2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా వెళ్లినా పక్కవారితో ఒక్క మాట కలపవలసిన పని పడదు. తెనాలి బస్టాండులో పల్లెవెలుగు ఎక్కితే మాత్రం నాలుగు స్టాపులు దాటేలోపే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం పని మీద వచ్చారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పదు.

రవాణా సౌకర్యంగా మాత్రమే తూచితే ఈ బస్సుకు గొప్ప మార్కులు వేయలేను. ఒకవైపు ముగ్గురు, మరోవైపు ఇద్దరు కూర్చునే సీట్లలో మోకాళ్లు ముందు సీటుకు ఆనుతాయి. చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగడం వల్ల ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. కిటికీ అద్దాల చప్పుడు సరేసరి. రిజర్వేషన్ లేదు కాబట్టి కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేయడమే రిజర్వేషన్. నగరంలో ఇది తగాదాకు దారితీసేదే గానీ, ఇక్కడ ఆ తువ్వాలు ఎవరిదో బస్సులో సగం మందికి తెలుసు కనుక దాన్ని తీసి కూర్చునే సాహసం ఎవరూ చేయరు.

ఈ సేవలో నాకు బాగా నచ్చేది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఆఖరి ట్రిప్పుతో ఊరికి చేరిన డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకొని, తెల్లవారుజామున కూరగాయల గంపలతో, పూల బుట్టలతో మొదటి ట్రిప్పు తీస్తారు. రోజూ వచ్చే మనిషి స్టాపులో కనిపించకపోతే రెండుసార్లు హారన్ కొట్టి, సందు మలుపు వైపు చూసి గాని బస్సును కదిలించరు. పట్నంలో చదువుకునే పిల్లవాడికి తల్లి పంపిన క్యారియరు డ్రైవరు సీటు వెనక నిలబడి వెళుతుంది. చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్టు వెనక రాసిచ్చిన బాకీ, దిగేటప్పుడు మరిచిపోయినా, మర్నాడు అడిగితే దొరుకుతుంది. మెట్రోలో ఆ నమ్మకంతో పనిలేదు; కార్డులో డబ్బుంటే గేటు తెరుచుకుంటుంది, లేకపోతే లేదు.

అయితే ఈ ఆత్మీయతకు మరో ముఖం ఉంది. కాలేజీ అమ్మాయి బస్టాండులో సహాధ్యాయితో నవ్వుతూ మాట్లాడితే, ఆ కబురు ఆమెకన్నా ముందే ఇల్లు చేరుతుంది. ఊరంతా మన మంచి కోరుతుందన్న మాట నిజమే కావచ్చు గానీ, ఆ మంచేమిటో నిర్ణయించే హక్కు కూడా తనదే అనుకుంటుంది. నగరపు రైలులో ఎవరూ పట్టించుకోకపోవడాన్ని ఒంటరితనమని తీసిపారేసేవారు, ఆ అమ్మాయికి అది ఎంత ఊరటో ఆలోచించాలి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఈ బస్సుల్లో ఆయా రాష్ట్రాల మహిళలకు ప్రయాణం ఉచితమైంది. సీటు దొరకలేదని సణిగే మగవారి మీద నాకు పెద్దగా సానుభూతి లేదు; ఆసుపత్రికో పుట్టింటికో వెళ్లడానికి ఛార్జీ డబ్బులు ఇంట్లో అడగవలసిన అవస్థ తప్పడం అంతకన్నా పెద్ద విషయం.

కొత్తగా ఎక్కేవారు చిల్లర, మహిళలైతే ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎప్పుడో దిగేముందే కండక్టరును అడగడం మంచిది. అది దాటిపోతే ఆటోవాడు చెప్పిందే ధర.