తూటా మందు తూకానికి ఎలక్ట్రానిక్ కాటానా, బీమ్ త్రాసా?

అమెరికాలో వాడేసిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లకు ఇది తెగని పేచీ. మందు తూచేది గ్రెయిన్లలో; ఒక్క గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములే.

ఖర్చు: ఎలక్ట్రానిక్ చవకలోనూ దొరుకుతుంది. మంచి బీమ్ త్రాసు (కడ్డీ మీద బరువును జరుపుతూ తూచేది) దశాబ్దాలు నడుస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు.

వేగం: ఎలక్ట్రానిక్‌దే. బీమ్ ఊగడం ఆగేదాకా ఓపిక పట్టాలి.

రిస్క్: ఎలక్ట్రానిక్ వేడెక్కకముందే తూచినా, బ్యాటరీ తగ్గినా అంకె మెల్లగా జారుతుంది, తెర మీద మాత్రం ధీమాగానే కనిపిస్తుంది. నాకు టెన్షన్ అక్కడే. బీమ్ మీద జరిపే బరువును ఒక్క గాడి తప్పు పెట్టామా, ఆ రోజు నింపినవన్నీ తప్పే. ఫ్యాన్ గాలి రెండింటికీ పడదు.

బుల్లెట్లు, కేసులు (మందు నింపే ఖాళీ గొట్టాలు) వందల్లో తూచేవాళ్లకు ఎలక్ట్రానిక్. ఎప్పుడూ ఒకే కొలత మందుతో నిదానంగా నింపుకునేవాళ్లకు బీమ్. ఏది కొన్నా చెక్ వెయిట్లు (తూకం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, బరువు ముందే తెలిసిన బిళ్లలు) కూడా కొనండి.