యాజ్-క్లయింట్: వచ్చిన రికార్డు వచ్చినట్టే చేతికిస్తుంది

మా కాలేజీ లైబ్రరీలో పాత తెలుగు పుస్తకాల కేటలాగింగ్‌కి యాజ్-క్లయింట్‌ని ఏళ్లుగా వాడుతున్నాను. ఇతర లైబ్రరీల సర్వర్లలో వెతికి, ఒక్కో పుస్తకం వివరాలుండే రికార్డును జడ్39.50 అనే పద్ధతిలో తెచ్చిపెట్టే కమాండ్-లైన్ ప్రోగ్రామ్ ఇది. దీనిమీద నాకింత ఇష్టం ఒక్క కారణానికే. మైనస్ ఎం ఆప్షన్ ఇస్తే, అవతలి సర్వర్ పంపిన రికార్డును ఉన్నదున్నట్టు ఫైల్లో పెడుతుంది.

దాని విలువ ఒక యూనివర్సిటీ సర్వర్ దగ్గర తెలిసొచ్చింది. అక్కడి నుంచి తెచ్చుకున్న తెలుగు పుస్తకాల రికార్డుల్లో, రోమన్ లిపిలో ఉన్న పేర్లన్నీ పాడైపోయి వచ్చేవి. దీర్ఘాక్షరం మీద గీత ఉండదు, దాని ముందు ఏదో పిచ్చి గుర్తు. మా సాఫ్ట్‌వేర్‌దే లోపమని అందరూ తేల్చేశారు. నాకు నమ్మకం కుదరక, అదే రికార్డును యాజ్-క్లయింట్‌తో తెచ్చి హెక్స్‌లో, అంటే ఒక్కో బైటు కోడ్ కనిపించేలా, చూశాను. ప్రతి దీర్ఘం ముందూ ఈ5, కింద చుక్క ఉండే అక్షరాల ముందు ఎఫ్2. ఇవి మార్క్-8 అనే, లైబ్రరీ రికార్డుల పాత అక్షర సంకేత పద్ధతిలోని కోడ్‌లు. అందులో గుర్తు ముందు వస్తుంది, అక్షరం తర్వాత. యూనికోడ్‌లో ఈ వరుస తిరగబడుతుంది. కానీ రికార్డు మొదట్లో ఉండే లీడర్ అనే భాగంలో 9వ స్థానంలో ‘ఎ’ ఉంది, అంటే రికార్డు తనది యూనికోడ్ అని చెప్పుకుంటోంది! డబ్బా మీద పంచదార అని రాసి లోపల ఉప్పు పోసినట్టు. యాజ్-క్లయింట్‌తోపాటే వచ్చే యాజ్-మార్క్‌డంప్ అనే ప్రోగ్రామ్‌కి మార్క్-8 నుంచి యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8కి మార్చమని చెప్పగానే పేర్లన్నీ శుభ్రంగా వచ్చాయి. ఎన్నాళ్ల టెన్షనో తీరిపోయింది. ఆ హెక్స్ వరుసలు పంపాక సర్వర్ వాళ్లు కూడా మారు మాట్లాడలేదు.

నేను సోర్స్ నుంచే బిల్డ్ చేసుకున్నాను. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే ప్యాకేజీ ముందే ఉండాలి, లేకపోతే ఎస్‌ఆర్‌యూ (వెబ్ ద్వారా రికార్డులు వెతికే పద్ధతి) పనిచేయదు. బిల్డ్ సరిగ్గా అయిందో పరీక్షించే ‘మేక్ చెక్’ నడపకుండా మాత్రం వాడకం మొదలుపెట్టకండి.

ఉన్నదున్నట్టు అన్నది ఫైలు సంగతి. తెర మీద కనిపించేది మార్క్‌చార్‌సెట్ అనే అక్షర సంకేతాల సెట్టింగును, టెర్మినల్‌ను బట్టి మారుతుంది, దాన్ని చూసి నిర్ణయానికి రావద్దు. వెతకడం కూడా తేలిక కాదు. శీర్షికతో వెతకడానికి 1=4, రచయిత పేరుతో అయితే 1=1003 అనే కోడ్‌లు గుర్తుపెట్టుకోవాలి. 1970కి ముందు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి మాకు శీర్షికే దిక్కు. దాన్ని అమెరికా లైబ్రరీల రోమన్ స్పెల్లింగులోనే కొట్టాలి. ‘చ’కు సీహెచ్ అని కొడితే సున్నా ఫలితాలు వస్తాయి, వాళ్ల పద్ధతిలో అది ఒట్టి సీ. 5=1 (ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని చెప్పే కోడ్) పెట్టి మొదటి భాగమే ఇస్తే కొన్ని సర్వర్లలో దొరుకుతుంది, అన్నిట్లో కాదు.

మా దగ్గర పాత పుస్తకాలు ఎక్కువ, నాకు టెర్మినల్ అలవాటు, అందుకే ఇది లేకుండా నాకు పని జరగదు. ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్కులే ఎక్కువగా కొనే కాలేజీ అయితే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సెర్చ్ సరిపోతుంది. కొత్తగా చేరిన అసిస్టెంట్ల చేతికి దీన్ని ఇంకా ఇవ్వలేదు.