ఐదేళ్ల పెట్టె చరఖా: మడత బాగుంది, కదురే ఏడిపించింది

ఈ చరఖా మీద వెయ్యి మీటర్ల చిలప (దారపు చుట్ట) ఒకటి తీయడానికి మొదట్లో నాకు నెల పట్టేది. అందులో సగం వడకడానికి, సగం తెగిన దారం అతకడానికి. ఎనిమిది నెలలపాటు నా వేళ్లనే తిట్టుకున్నాను. తప్పు వేళ్లది కాదు, జానెడు ఇనుప కదురుది, అంటే తిరుగుతూ దారానికి పురి ఎక్కించే పుల్లది.

కొన్న కొత్తలో అడిగినవారికీ అడగనివారికీ ఒకటే చెప్పేవాణ్ణి, పుస్తకంలా మూసి చంకన పెట్టుకుని పోవచ్చని. 1930లో ఎరవాడ జైల్లో గాంధీజీ దీన్ని సానబట్టినది కూడా ఆ సౌకర్యం కోసమే కదా. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించి చెబుతాను. మూయడం నిమిషం పని. తెరిచి, తాళ్లు సర్ది, కదురు తాడుకు సరైన బిగువు కుదరడానికి పావుగంట. అందుకే మాది నాలుగేళ్లుగా తెరిచే ఉంది, పైన ఒక తువ్వాలు కప్పుకుని.

ఇక కదురు సంగతి. ఏకు (దువ్విన పత్తి చుట్ట) పట్టుకుని చెయ్యి వెనక్కి లాగుతుంటే మూరెడు రాగానే దారం పుటుక్కుమనేది. ఏకులు పాతబడ్డాయనుకుని కొత్తవి తెప్పించాను. తాడు మార్చాను, దానికి మైనం రాశాను. ఎండాకాలం పొడిగాలి వల్లనేమోనని పక్కన తడిగుడ్డ ఆరేశాను. అది కొంత పనిచేసింది కూడా, దాంతో ఇంకా దారి తప్పాను. అమ్మిన దుకాణంలో అడిగితే "అలవాటు కావాలండీ" అన్నారు.

ఆ ఏడాది శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్లి, పనిలో పనిగా పొందూరు వెళ్లాను, చరఖా చంకన పెట్టుకునే. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి వంద నంబరు దారం (నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం) తీసే ఊళ్లో నా దారం చూపించడానికి సిగ్గేసింది. కానీ అక్కడ వడుకుతున్న పెద్దావిడ నా దారం వైపు చూడనైనా చూడలేదు. తన రాట్నం ఆపకుండానే, "కదురు కొట్టుకుంటోంది బాబూ, వినబడడం లేదా?" అన్నారు.

చెవి దగ్గర పెడితే టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. ఇన్నాళ్లూ చరఖా గొంతే అంత అనుకున్నాను! ఆవిడ కదురు ఊడదీసి గచ్చు మీద అరచేత్తో దొర్లించారు. ఒకచోట కింద సందు కనబడింది, వెంట్రుకవాసి. వంపు పైకి వచ్చేలా పట్టుకుని చిన్న కర్రముక్కతో రెండు దెబ్బలు, మళ్లీ దొర్లించడం, మళ్లీ ఒక దెబ్బ. అంతే. ఆ సాయంత్రం చెయ్యి చాచినంత మేరా దారం తెగకుండా వచ్చింది. సంతోషం కంటే ముందు కోపం వచ్చింది, దుకాణం మీద. తర్వాత మరో సంగతి గుర్తొచ్చింది. కదురును దాని గాడిలో పెట్టకుండా రెండు మూడుసార్లు మూత నొక్కినవాణ్ణి నేనే. కాబట్టి ఎవరిది తప్పో ఒట్టేసి చెప్పలేను.

ఇప్పుడు రోజుకు గంట కూర్చుంటే వారానికి ఒక చిలప, ఇరవై నంబరు, ముప్పై గ్రాములు. తెలిసిన నేతగాడు దాన్ని పడుగుకు, అంటే మగ్గం మీద బిగించే నిలువు పోగులకు, ససేమిరా అన్నాడు, సాగదీస్తే నిలవదట. అడ్డంగా నేసే పేకకు సరేనన్నాడు. అలా నేసిన రెండు తువ్వాళ్లలో ఒకటే చరఖా మీద కప్పినది.

కొనమంటారా అంటే, నేను పదవీ విరమణ చేసినవాణ్ణి, నేల మీద గంట కూర్చోగలను, తొందర లేదు. మోకాళ్లు సహకరించనివారికి ఇది శిక్షే. బట్ట కోసమైతే అసలు వద్దు. కొంటే మాత్రం డబ్బు ఇచ్చేముందే కదురు ఊడదీయించి గాజు బల్ల మీద దొర్లించి చూడండి, దుకాణదారు మొహం చిట్లించినా సరే.

పోయిన నెల మాది మళ్లీ వంగింది. మనవడు దాంతో మామిడికాయకు కన్నం పెట్టాడు. ఈసారి మొదటి తిప్పుకే వినబడింది.