సెకండ్ హ్యాండ్ డ్యూయల్ జియాన్ పీసీ: 28 కోర్లతో తొమ్మిది నెలలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, మీ కెమెరా హెచ్.265లో (వీడియోను బాగా కుదించి దాచే పద్ధతి) రికార్డు చేసేదైతే సెకండ్ హ్యాండ్ డ్యూయల్ ప్రాసెసర్ వర్క్‌స్టేషన్, అంటే రెండు ప్రాసెసర్లుండే పెద్ద పీసీ, జోలికి పోకండి. షాపులో ఎన్ని కోర్లు లెక్కపెట్టి చూపించినా సరే, ఎంత తక్కువకిస్తామన్నా సరే. తొమ్మిది నెలలు రోజూ దాని ముందే కూర్చుని పని చేశాను కాబట్టి రాస్తున్నాను, ఎక్కడో విని కాదు.

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. పనంతా మనవాళ్ల పెళ్లిళ్లే. ఇక్కడి ఫంక్షన్ హాళ్లలో జరిగేవి కొన్ని, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు జరిగేవి ఎక్కువ. పాత ల్యాప్‌టాప్ 4కే ఫుటేజ్ మోయలేక చేతులెత్తేసింది. గట్టి మెషిన్ తీసుకుందామని 335ఈ బస్సు ఎక్కి కార్పొరేషన్ దగ్గర దిగి ఎస్‌పీ రోడ్డుకు నడిచాను. అసలు పేరు సాదర్ పత్రప్ప రోడ్డు, కానీ అలా ఎవరూ అనరు. కంప్యూటర్ సామాను అనగానే ఈ ఊళ్లో నోటికొచ్చేది ఎస్‌పీ రోడ్డే. కొత్తది కడదామంటే లక్ష దగ్గరికి పోతోంది. అప్పుడు ఒక షాపులో, పేరు చెప్పను, 62 వేలకు ఒక వర్క్‌స్టేషన్ చూపించారు. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన మెషిన్. లోపల రెండు ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు, 64 జీబీ ర్యామ్, క్వాడ్రో కే2200 గ్రాఫిక్స్ కార్డు, 4 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ కోసం ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ. ఒక్కో ప్రాసెసర్‌లో 14 కోర్లు (విడివిడిగా పని చేయగల భాగాలు), అంటే మొత్తం 28 కోర్లు, ఒక్కో కోర్‌కు రెండు పని వరసల చొప్పున 56 థ్రెడ్లు. షాపాయన టాస్క్ మేనేజర్ తెరిచాడు, స్క్రీన్ నిండా థ్రెడ్‌కు ఒకటి చొప్పున 56 చిన్న గడులు. "మామూలు ఐ5 ప్రాసెసర్‌లో ఇన్ని వస్తాయా, మీరే చూడండి సార్" అన్నాడు. ఆ గడులు చూసే డబ్బు కట్టాను.

మొదటి పెద్ద పని హిందూపురం పెళ్లి. రెండు రోజులు, మూడు సోనీ కెమెరాలు, 4కే, సెకనుకు 50 ఫ్రేములు, హెచ్.265, 10 బిట్, 4:2:2, అంటే రంగుల వివరాలు ఎక్కువగా ఉండే రకం. దాన్ని 18 నిమిషాల ఫిల్మ్‌గా కట్ చేశాను. కలర్ గ్రేడింగ్ ఉంది, అక్కడక్కడ స్టెబిలైజర్ వేశాను, అంతకు మించి ఏమీ లేదు. పెళ్లికూతురు శనివారం అమెరికా ఫ్లైట్ ఎక్కుతోంది. వాళ్ల నాన్నగారు శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి "బాబూ, రేపు పన్నెండుకల్లా ఇంట్లోంచి బయలుదేరాలి, ఆలోగా పెన్‌డ్రైవ్ చేతికి అందుతుందా?" అని అడిగారు. అందుతుందండీ అన్నాను. రాత్రి పదకొండింటికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ఎక్స్‌పోర్ట్ నొక్కాను, చివరి వీడియో ఫైలు తయారయ్యేది దాంతోనే. అయ్యేసరికి ఒంటిగంట యాభై. అంటే 18 నిమిషాల వీడియోకు రెండు గంటల యాభై నిమిషాలు. సరే అయింది కదా అని మొదటి నుంచి చూస్తుంటే, జీలకర్ర బెల్లానికి ముందు వచ్చే టైటిల్‌లో చి.ల.సౌ. పక్కన అమ్మాయి ఇంటిపేరులో ఒక ఒత్తు తప్పు పడింది. ఒక్క అక్షరం. అది దిద్దడానికి అర నిమిషం, మళ్లీ రెండర్‌కు, అంటే ఆ ఫైలు మొత్తం తయారవడానికి, అదే రెండు గంటల యాభై నిమిషాలు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

రెండోసారి రెండర్ అవుతుండగా నిద్ర రాక టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను. 56 గడుల్లో ఆరేడు గడుల్లో మాత్రం గీత పైదాకా పోతోంది. మిగతా గడుల్లో గీత అడుగునే పాకుతోంది. మొత్తం సీపీయూ వాడకం 20 శాతం దగ్గర ఊగుతోంది. మెషిన్ ఫ్యాన్లు మాత్రం గదంతా హోరు. ఇంత మెషిన్ ఉండి పని చేయకుండా ఎందుకు కూర్చుంది అన్నది ఆ రాత్రి నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. పెన్‌డ్రైవ్ పదిన్నరకు వాళ్లింట్లో ఇచ్చాను, అది వేరే సంగతి.

షాపుకు ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ సమస్య, విండోస్ మళ్లీ వేయించండి అన్నారు. వేయించాను. తేడా రాలేదు. మళ్లీ చేస్తే ర్యామ్ 128 జీబీ చేయించండి అన్నారు. ఏ ఫుటేజ్ వాడుతున్నావు, ఏ సాఫ్ట్‌వేర్ అని ఒక్కసారి కూడా అడగలేదు. నా అసలు కంప్లయింట్ ఇదే. మెషిన్‌లో లోపం ఉందని అనను, నా పనికి పనికిరాని మెషిన్‌ను ఎడిటింగ్‌కు బ్రహ్మాండంగా ఉంటుందని చెప్పి అమ్మారు.

చివరికి దారి చూపించింది మున్నేకొళాలలో చిన్న రిపేర్ షాపులో పనిచేసే అనంతపురం అబ్బాయి. పక్క ప్యానెల్ తీసి టార్చ్ వేసి చూపించాడు. రెండు ప్రాసెసర్లకు చెరో వైపు ర్యామ్ స్లాట్లు బారుగా ఉన్నాయి, ఒక్కో వైపు ఒక్కటే 32 జీబీ కడ్డీ, మిగతావన్నీ ఖాళీ, దుమ్ము పట్టి ఉన్నాయి. ఈ ప్రాసెసర్ ఒక్కోటి నాలుగు ఛానెళ్లలో ర్యామ్‌తో మాట్లాడగలదు. నాలుగూ నింపితే సెకనుకు 76.8 జీబీ దాకా డేటా నడుస్తుంది, ఒక్క కడ్డీతో 19.2 జీబీ మాత్రమే. 64 జీబీ అని చెప్పింది నిజమే, కానీ నాలుగు వరసల రోడ్డులో మూడు వరసలు మూసేసి ఇచ్చారు. పైగా ఏ ప్రాసెసర్ ర్యామ్ దానిది. ఒకదానికి అవతలి వైపున్న డేటా కావాలంటే రెండింటి మధ్యనున్న లింకు దాటి తెచ్చుకోవాలి, దానికి కొంత టైమ్ పోతుంది.

తర్వాత ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరిచాడు. రెండరర్ దగ్గర మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఉండి కూడా వాడుకోవడం లేదు, షాపులో వేసిన డ్రైవర్ పాతది. డ్రైవర్ మార్చి, రెండరర్‌ను కుడాకు, అంటే గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే పద్ధతికి, మార్చాడు. రెండు గంటల ఐదు నిమిషాలకు దిగింది. ర్యామ్ ఎనిమిది కడ్డీలుగా సర్దించాను, గంటా యాభై. ఫుటేజ్, క్యాష్ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు), ఎక్స్‌పోర్ట్ మూడూ ఒకే హార్డ్ డిస్క్ మీద ఉండేవి, క్యాష్‌నూ ఎక్స్‌పోర్ట్‌నూ వేరే ఎస్‌ఎస్‌డీకి మార్చాను, గంటా నలభై. అక్కడ ఆగిపోయింది. ఇక ఎన్ని తిప్పలు పడినా కిందికి దిగలేదు.

"అన్నా, నీ ఫుటేజ్‌ను విప్పే చిప్ ఈ డబ్బాలో ఎక్కడా లేదు" అన్నాడు ఆ అబ్బాయి. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

హెచ్.265లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఎక్కడో ఒక పూర్తి ఫ్రేమ్, దాని చుట్టుపక్కల ఫ్రేముల్లో కేవలం ఏం మారిందన్న లెక్క. ఒక ఫ్రేమ్ విప్పాలంటే అది ఆధారపడ్డ ఫ్రేములు ముందు విప్పాలి. చిక్కుపడ్డ దారపుండ లాంటిది, చుట్టూ 28 మంది కూర్చున్నా కొస ఒక్కటే. కొంత పని పంచుకోవచ్చు, అందుకే ఆరేడు గడులు నిండాయి, అందరికీ పంచడం కుదరదు. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లోనే ఈ లెక్క చెప్పాడు. పనిలో పావు వంతు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సిందైతే, 28 కోర్లు పెట్టినా వేగం 3.6 రెట్లే పెరుగుతుంది, వెయ్యి కోర్లు పెట్టినా నాలుగు రెట్లు దాటదు. ఆ ఒక్కొక్కటిగా జరిగే పనికి కావాల్సింది ఒక్కో కోర్ వేగం. ఈ జియాన్ 2016 నాటిది, ఒక్క కోర్ ఎంత పరుగెత్తినా 3.3 గిగాహెర్ట్జ్, అన్నీ కలిసి నడిస్తే ఇంకా తక్కువ.

ఇప్పటి మామూలు ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో విప్పడానికే క్విక్ సింక్ అని ప్రత్యేకమైన భాగం ఉంటుంది, అది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో పాటు వస్తుంది. నా జియాన్‌లో ఆ గ్రాఫిక్స్ లేదు, కాబట్టి క్విక్ సింక్ కూడా లేదు. క్వాడ్రో కే2200 2014 నాటి కార్డు, హెచ్.265ను పూర్తిగా తనే విప్పే శక్తి దానికి లేదు. సరే కొత్త ఎన్‌విడియా కార్డు వేద్దామనుకున్నా. తీరా చూస్తే 4:2:2 రంగుతో ఉన్న హెచ్.265ను విప్పడం వాళ్ల కార్డుల్లో 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే మొదలైంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ జనరేషన్ నుంచే ఉంది. ఈ ఒక్క విషయం ముందు తెలిసుంటే 62 వేలు పెట్టేవాణ్ని కాదు.

ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు, చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. చేశాను. ఎడిటింగ్ హాయిగా సాగుతుంది, కానీ ఎక్స్‌పోర్ట్ నొక్కగానే మళ్లీ అసలు ఫైళ్ల దగ్గరికే పోతుంది, కాబట్టి ఆ సమయం తగ్గదు. ఫుటేజ్ మొత్తాన్ని ప్రోరెస్ 422 అనే వేరే వీడియో ఫార్మాట్‌లోకి మార్చి చూస్తే మాత్రం నిజంగా తేడా వచ్చింది, నలభై నిమిషాలకు దిగింది. ప్రోరెస్‌లో ఏ ఫ్రేమ్‌కా ఫ్రేమ్ విడిగా ఉంటుంది, కోర్లన్నీ పని పంచుకుంటాయి, గడులు చాలావరకు నిండటం అప్పుడే కళ్లారా చూశాను. అయితే 4కే, 50 ఫ్రేముల వీడియో ప్రోరెస్‌లో గంటకు 440 జీబీ దాకా తింటుంది, మూడు కెమెరాల రెండు రోజుల పెళ్లికి డిస్కులు ఎక్కణ్నుంచి తేను? పైగా అలా మార్చడానికే ఒక రాత్రంతా పట్టింది.

తొమ్మిదో నెలలో అమ్మేశాను, 41 వేలు వచ్చాయి. కొన్నాయన వైట్‌ఫీల్డ్‌లో బిల్డర్లకు ఇళ్ల 3డీ వాక్‌త్రూలు చేస్తాడు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో సీపీయూ మీద రెండర్ చేస్తే బొమ్మను ముక్కలుగా చేసి కోర్లన్నింటికీ పంచేస్తుంది, ఒక ముక్క ఇంకో ముక్క కోసం ఆగాల్సిన పని లేదు. అతని ముందే నడిపించి చూపించాను, 56 గడులూ 100 శాతం. తొమ్మిది నెలల్లో ఆ మెషిన్ అంత నిండుగా పని చేయడం నేను చూడలేదు. అతనికి అది మంచి బేరం, నిజంగానే.

దాని బదులు నేను కట్టించుకున్నది ఇంటెల్ ఐ5-13500 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రెండు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు. అన్నీ కలిపి 94 వేలు. ఇందులో ఉన్నవి 14 కోర్లే, అందులో పెద్దవి ఆరు, చిన్నవి ఎనిమిది. పెద్ద కోర్ 4.8 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. అదే హిందూపురం ప్రాజెక్టు, అదే టైమ్‌లైన్, అవే ఫైళ్లు పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కాను. 24 నిమిషాలు. టాస్క్ మేనేజర్‌లో ఈసారి సీపీయూ గడులు కాకుండా ఇంటెల్ గ్రాఫిక్స్ పేజీ తెరిచి, వీడియో డీకోడ్ (విప్పడం) అన్న గ్రాఫ్ చూశాను, గీత పైన నిలబడి ఉంది. ఎడిటింగ్, ఎఫెక్టులు, ఎన్‌కోడింగ్ ఎన్‌విడియా కార్డు చూసుకుంటోంది. మల్టీక్యామ్‌లో మూడు కెమెరాలు ఒకేసారి ప్లే చేస్తే ఇంతకు ముందు తలంబ్రాల సీను బొమ్మ బొమ్మగా ఆగి ఆగి నడిచేది, బియ్యపు గింజలు గాల్లో నిలబడిపోయేవి. ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది.

కొనేవాళ్లు రెండు చిన్న విషయాలు చూసుకోవాలి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, అంటే 13400ఎఫ్ లాంటివి, అందులో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. వెయ్యో రెండువేలో తగ్గుతుందని షాపుల్లో అదే అంటగడతారు, ఒప్పుకోకండి. రెండోది, వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఆగిపోతుంది, బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే బోర్డు సెట్టింగ్స్) వెళ్లి దాన్ని ఆన్ చేయించాలి. నాకు మొదటి రోజు అదే జరిగింది, రెండర్ గంట దాటుతుంటే గుండె జారిపోయింది. బయోస్‌లో ఒక్క ఆప్షన్ మార్చాక దారిలో పడింది.

పాత మెషిన్ అమ్మిన షాపుకు నేనైతే ఐదుకు ఒకటి ఇస్తాను, అదీ బిల్లు సరిగ్గా ఇచ్చినందుకు. కొత్తది కట్టిన షాపు కూడా ఎస్‌పీ రోడ్డులోనే, ఓ సందులోపల, మొదటి అంతస్తు. ఈసారి నా ప్రాజెక్టును, ఫుటేజ్‌తో సహా ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో వేసుకుని వెళ్లాను. డబ్బు కట్టే ముందు ఇది మీ షాపులో ఉన్న ఐ5 మీద ఒకసారి నడిపించి చూపించండి అని అడిగితే, ఆయన విసుక్కోకుండా తన బిల్లింగ్ మెషిన్ పక్కనున్న డెమో పీసీ ఖాళీ చేసి ఇచ్చాడు. ప్రీమియర్ ట్రయల్ వేసుకోవడానికే అరగంట పట్టింది. ఆ తర్వాత టీ తెప్పించి, తను కూడా పక్కన కూర్చుని రెండర్ బార్ చూశాడు. అది నూరు శాతానికి రాగానే అడ్వాన్సు ఇచ్చాను.